గొట్టం పొడుగు ఎంతుండాలి?

మదనపల్లెలో టమోటాలు అడగండి, లారీల లెక్కన ఇస్తారు. నీరుగట్టువారిపల్లెకు పోయి పట్టుచీర అడగండి, మగ్గం పక్కనే కూచోబెట్టి చూపిస్తారు. నీళ్ళల్లో మొహం పెట్టి చేపల్ని చూసే అద్దం కావాలని అడిగి చూడండి! నేను మూడు స్పోర్ట్స్ షాపులు తిరిగాను. మొదటాయన ఈత కళ్ళజోడు తీసి చూపించాడు. రెండో ఆయన క్రికెట్ హెల్మెట్ కావాలా భాయ్ అన్నాడు. మూడో ఆయన నా గడ్డం చూసి, "ఉమ్రాకి పోతాండారా? ఆడ సముద్రం యాడుంది సాబ్?" అన్నాడు. జిద్దాలో ఎర్ర సముద్రం ఉంది, దాంట్లో పగడాలు చూడ్డానికి దునియా మొత్తం నుంచి జనం వస్తారు అని చెబుదామనుకున్నాను గానీ, బేరం ఎట్లాగూ లేదు, సలాం చెప్పి వచ్చేశాను.

ఆయన తప్పేం లేదు. సముద్రానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మాది. ఇక్కడ నీళ్ళంటే బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు. మా తాలూకాల్లో సముద్రం చూసినోళ్ళంటే చెన్నై మెరీనాలో ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఫోటో దిగినోళ్ళే.

ఈ పిచ్చి పుట్టించింది నా కూతురు. 2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్‌లో స్నార్కెలింగ్ చేసిన ఫోటోలు ఫోన్లన్నీ చుట్టొచ్చాయి కదా, అప్పటి నుంచి దానికి ఒకటే జిద్దు. "అబ్బూ, అక్కడ నీళ్ళు అద్దంలా ఉంటాయంట. నిలబడితే కాళ్ళ దగ్గరికే చేపలొస్తాయంట." నా బేగం కూడా లోపల్లోపల తయారే. అక్కడ నూటికి తొంభై మందికి పైగా మనవాళ్ళే, తిండికి ఫికర్ లేదు, నమాజుకు వెతుక్కోవాల్సిన పన్లేదు అని ఆమె లెక్క. కొచ్చిన్ దాకా రైలు, అక్కణ్ణుంచి ఓడ. ముందే పర్మిట్ తీసుకోవాలి. ఆ కాగితాల పని కుప్పంలో ఉన్న మా బావమరిది నెత్తినేసుకున్నాడు. సామాను కొనే పని నాకొచ్చింది.

అడ్డం ఒక్కరే. మా అమ్మీ.

అమ్మీ పుట్టిల్లు పుంగనూరు. పుంగనూరు అంటే మీకు పొట్టి ఆవు గుర్తొస్తుంది. మాకు బావి గుర్తొస్తుంది. 1990 ఎండాకాలం సెలవుల్లో మా మామూ కొడుకు ఆ బావిలో పోయాడు. ఇంట్లో అందరం వాణ్ణి ఛోటే అనేవాళ్ళం. నాకు పదకొండు, వాడికి తొమ్మిది. ఆ జనాజా తర్వాత అమ్మీ మమ్మల్నెవర్నీ నీళ్ళ దగ్గరికి పోనివ్వలేదు. మా ఈడు పిల్లలంతా వీపుకి మునగ బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకుంటుంటే, నేనూ మా అన్నా ఒడ్డున చెప్పులకు కాపలా. నలభై ఆరేళ్ళొచ్చినా నాకు ఈత రాదు.

కొచ్చిన్ ప్రయాణం మాట చెప్పగానే అమ్మీ అడిగిన మొదటి మాట, "ఏ రైలు?" కుప్పంలో రాత్రిపూట ఎక్కే కన్యాకుమారి రైలు, మనం ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ అంటాం చూడు, అదే అన్నాను. అమ్మీ దువా చదువుతున్నట్టు పెదాలు కదిపి, "అదే కదరా నీళ్ళల్లో పడింది" అంది. నిజమే. 1988 జులై 8న కేరళలో పెరుమణ్ వంతెన మీద నుంచి ఆ రైలు అష్టముడి సరస్సులో పడి వంద మందికి పైగా పోయారు. ముప్పై ఏడేళ్ళు దాటినా అమ్మీకి తేదీతో సహా గుర్తు. ఆ ప్రమాదం జరిగిన రెండేళ్ళకే ఛోటే పోయాడు. ఆమె మనసులో ఆ రెండు నీళ్ళూ ఒకటే.

ఇట్లాంటి ఇంట్లో స్నార్కెలింగ్ సామాను కొనాలంటే ఎట్లుంటుందో ఆలోచించండి. నేను చేసిన మొదటి తప్పు కూడా ఈ భయం వల్లనే.

మొహం మొత్తాన్ని కప్పే మాస్కులని ఉన్నాయి. నుదుటి నుంచి గడ్డం కింది దాకా ఒకటే అద్దం, నెత్తి మీద కొమ్ములాగా గొట్టం. నోట్లో ఏమీ కరుచుకోవక్కర్లేదు, ముక్కుతోనే మామూలుగా ఊపిరి తీసుకోవచ్చు. 2014లో డెకథ్లాన్ వాళ్ళు ఈజీబ్రెత్ అని తెచ్చాక ఇవి దునియా అంతా పాకాయి. కరోనా మొదట్లో, 2020లో, ఇటలీలో కొందరు ఇంజినీర్లు ఇదే మాస్కుకి ఒక చిన్న ముక్క ప్రింట్ చేసి తగిలించి ఆసుపత్రుల్లో ఊపిరందని రోగులకు పనికొచ్చేట్టు చేశారు. అది చదివి నాకు దీని మీద ఇజ్జత్ పెరిగింది. ఆరోగ్యవరం పక్కన పెరిగినోణ్ణి నేను. వందేళ్ళ కిందట క్షయ రోగులు మంచి గాలి కోసం వెతుక్కుంటూ వచ్చిన చోటది. మా దాదా అక్కడే కొన్నాళ్ళు ఉండి బతికి ఇంటికొచ్చాడు. ఊపిరికి సాయం చేసే వస్తువేదైనా మా ఇంట్లో మర్యాదే. అమ్మీకి చూపిస్తే తసల్లీ కూడా దొరుకుతుంది, మొహానికి నీళ్ళే తగలవు కదా అని ఆన్‌లైన్‌లో మూడు తెప్పించాను. కంపెనీ పేరు చెప్పను, చవకరకం.

వచ్చిన రోజే ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు నింపి నేను ముందు పెట్టుకున్నాను. ఒక నిమిషంలో గడ్డం కింద నుంచి నీళ్ళొచ్చి పెదాలదాకా చేరాయి. మాస్కు అంచుకుండే సిలికాన్ చర్మానికి అతుక్కోవాలి, వెంట్రుకలకు అతుక్కోదు. పిడికెడు గడ్డం ఉన్నోడు గడ్డం కింద ముడిపడే మాస్కు కొనడమంటే జల్లెడ కొనుక్కోవడమే. సరే, నీళ్ళొచ్చాయి కదా, తీసేద్దామని చూస్తే పట్టీలు రెండు, బిగుతుగా. తడి వేళ్ళతో లాగుతున్నా రావడం లేదు. నా నోరూ ముక్కూ రెండూ దాంట్లోనే ఉన్నాయి. గది మధ్యలో, స్టూలు మీద కూచుని ఉన్న మనిషిని, గుండె దడదడ కొట్టుకుంది. నా కూతురు గబగబా వెనక నుంచి లాగి తీసింది. దాని మొహం తెల్లగా అయిపోయింది. అమ్మీ ఆ టైంలో జొహర్ నమాజులో ఉంది, అల్‌హందులిల్లాహ్.

భయపడేవాడికి ఎక్కువ కప్పేదే ఎక్కువ హిఫాజత్ అనిపిస్తుంది. నీళ్ళల్లో లెక్క వేరే. ఏదైతే ఒక్క చేత్తో, ఒక్క క్షణంలో పీకి పారేయగలమో అదే మేలు. నోట్లో పెట్టుకునే మామూలు గొట్టమైతే ఉమ్మేస్తే చాలు, నోరు ఖాళీ. ఇంకో సంగతి కూడా తర్వాత చదివాను. హవాయి దీవుల్లో స్నార్కెలింగ్ చేస్తూ చనిపోయినవాళ్ళ గురించి అక్కడివాళ్ళు కొన్నేళ్ళు పరిశీలన చేశారు. గొట్టంలోంచి గాలి లాగడానికి బలం ఎక్కువ పెట్టాల్సి వస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరే ప్రమాదం ఉందని తేల్చారు. ఆ మనిషి కేకలు వెయ్యడు, చేతులు కొట్టుకోడు, ఒడ్డునున్నవాళ్ళకు చేపల్ని చూస్తున్నట్టే కనిపిస్తాడు. కాబట్టి గొట్టానికి కవాటాలు, బంతులు, సోకులు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదనుకోకండి. కొనేముందు నోట్లో పెట్టుకుని పీల్చి చూడండి. స్ట్రాతో గట్టి లస్సీ తాగుతున్నట్టుంటే వాపస్ ఇచ్చేయండి.

మూడు మాస్కులూ వాపస్ పోయాయి. ఈసారి బావమరిది బెంగళూరు నుంచి తెస్తానన్నాడు. కుప్పం నుంచి బెంగళూరు వాళ్ళకు పక్కింటి లెక్క, పొద్దున రైలెక్కి పోయి రాత్రికి వస్తారు. "దూలేభాయ్, మొహం కొలతలు పంపించండి" అని ఫోన్. మొహానికి కొలతలేంటయ్యా, నేనే వస్తానని ఇద్దరం కలిసి పోయాం.

అక్కడ షాపులో కుర్రాడు నేర్పిన పరీక్ష మీకూ చెబుతాను. పట్టీ తలకు తగిలించకుండా మాస్కుని ఊరికే మొహానికి ఆనించాలి. ముక్కుతో మెల్లగా గాలి లోపలికి లాగి, చెయ్యి వదిలెయ్యాలి. మొహానికి అతుక్కుని నిలబడితే అది మీది. జారితే కాదు. ధర, రంగు, బ్రాండు తర్వాతి మాట. వజూలో రోజూ మూడుసార్లు ముక్కులోకి నీళ్ళు లాగే అలవాటుంది కాబట్టి ఆ పరీక్షలో మనకు ట్రైనింగ్ అవసరం లేదని బావమరిదితో మజాక్ చేశాను. నాలుగోది అతుక్కుంది. ముక్కు కింద మీసం దగ్గర కొంచెం గాలి పోతోందంటే, మీసం ఇంకాస్త కత్తిరించుకోండి, గడ్డం జోలికి పోవక్కర్లేదు అన్నాడా కుర్రాడు. మామూలు మాస్కు పైపెదవి దగ్గరే ఆగిపోతుంది. మీసం తగ్గించి గడ్డం ఉంచుకోమని మనకు ఎట్లాగూ చెప్పిందే కదా!

మొదటి షాపాయన చూపించిన ఈత కళ్ళజోడు ఎందుకు పనికిరాదో కూడా అక్కడే తెలిసింది. అది ముక్కుని బయట వదిలేస్తుంది. మాస్కులో ముక్కు లోపలుంటుంది, లోతుకు పోయినప్పుడు నీళ్ళు అద్దాన్ని మొహానికి నొక్కితే ముక్కుతో కొంచెం గాలి వదిలి సర్దుకోవచ్చు. అద్దం టెంపర్డ్ గాజుదై ఉండాలి, అంచు సిలికాన్‌దై ఉండాలి. గట్టి ప్లాస్టిక్ అంచు మొహానికి అతకదు. నాకు రెండు కళ్ళకూ మైనస్ మూడున్నర. పవర్ ఉన్న గాజులు అరపాయింటు లెక్కన రెడీగా దొరుకుతాయని నాకు తెలీదు. కొంచెం తక్కువ పవరున్నా పర్వాలేదంట, నీళ్ళల్లో వస్తువులు మూడోవంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. చేప ఎంతుందో ఇంటికొచ్చి చెప్పేటప్పుడు అది తగ్గించుకుని చెప్పాలి.

బేగం సంగతి వేరే కథ. ఆడవాళ్ళు ఒళ్ళంతా కప్పుకుని ఈదే బట్టల్ని 2004 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో అహెదా జనెట్టి అనే లెబనాన్ మూలాల ఆమె తయారుచేసింది, బుర్ఖినీ అంటారు. 2016లో ఫ్రాన్స్‌లో కొన్ని ఊళ్ళు బీచ్‌లో దాన్ని నిషేధిస్తే, అక్కడి పెద్ద కోర్టు ఒక ఊరి నిషేధాన్ని ఆపేసింది. ఆన్‌లైన్లో ధర చూసి బేగం ఫోన్ బోర్లా పెట్టింది. ఇక్కడే టైలర్ దగ్గర లైక్రా కలిసిన పాలిస్టర్ గుడ్డతో కుట్టించుకుంది. నూలు గుడ్డ అస్సలు వద్దు, నీళ్ళు తాగి మనిషిని కిందికి లాగుతుంది. స్కార్ఫ్ విషయంలో ఒక్క కిటుకు. మాస్కు అంచు స్కార్ఫ్ మీద కూచుంటే నీళ్ళొచ్చేస్తాయి. అంచు చర్మం మీద, పట్టీ స్కార్ఫ్ మీద. టబ్బులో నాలుగుసార్లు పెట్టుకుని చూసింది. అన్నట్టు, ఒళ్ళంతా కప్పుకుంటే సన్‌స్క్రీన్ ఖర్చు కూడా మిగులు. కొన్ని సన్‌స్క్రీన్లలో ఉండే మందులు పగడాలకు మంచివి కావని హవాయిలో అమ్మకమే ఆపేశారు.

కాళ్ళకు తొడుక్కునే ఫిన్స్ కొనలేదు. ఈత రానోడికి అవి పెడితే పగడాల్ని తన్నడానికే పనికొస్తాయి. లైఫ్ జాకెట్లు మాత్రం నలుగురికీ సొంతంగా, నారింజ రంగువి. అక్కడ అద్దెకిస్తారు కదా అన్నాడు బావమరిది. అందరికీ సైజు దొరుకుతుందన్న భరోసా నాకు లేదు. ఇక కొత్త మాస్కు లోపలి గాజుని తెల్ల టూత్‌పేస్ట్‌తో రుద్ది కడగండి, ఫ్యాక్టరీ పొర ఉంటే ఆవిరి పట్టి ఏమీ కనిపించదు.

గొట్టం దగ్గర ఆగిపోయాను.

షాపులో అన్ని గొట్టాలూ ఒకటే పొడుగు, నలభై సెంటీమీటర్లు కూడా లేవు. ఇంకాస్త పొడుగుది లేదా, ఇంకొంచెం లోపలికి పోయి చూడొచ్చు కదా అని నేనే అడిగాను. కుర్రాడు నవ్వి, పొడుగుంటే చచ్చిపోతారు సార్ అన్నాడు. తర్వాత వివరంగా చెప్పాడు. ఒక మీటరు లోతులో నీళ్ళు ఛాతీ మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ వంద గ్రాముల బరువేస్తాయి. గొట్టం చివర పైన గాలి ఉంటుంది గానీ దాన్ని లాగేంతగా ఛాతీ లేవదు. పైగా వదిలిన గాలి పొడుగాటి గొట్టంలోనే ఉండిపోయి, మళ్ళీ అదే లోపలికొస్తుంది. మనిషి పీలుస్తున్నాననుకుంటాడు. గాలి మాత్రం అందదు.

ఆ షాపులో ఏసీ ఉంది. నాకు చెమటలు పట్టాయి. బావమరిది నీళ్ళ బాటిల్ చేతికిచ్చి, "షుగర్ తగ్గిందా దూలేభాయ్?" అన్నాడు.

బొప్పాయి ఆకు కాడ చూశారు కదా. లోపల బోలు. పెద్ద చెట్టుదైతే ఒక పిల్లోడి నడుం దాకా వస్తుంది. మామూ తోటలో మోటారు కింద సిమెంటు తొట్టి ఉండేది. ఆ తొట్టిలో మునిగి, కాడ ఒక కొస నోట్లో, ఒక కొస పైన పెట్టి ఊపిరి తీసుకోవడం ఛోటేకి నేర్పించింది నేను. తొట్టి లోతు తక్కువ, బాగానే అయ్యేది. పొడుగు కాడ దొరికితే బావి అడుగుదాకా పోయి చూసి రావొచ్చని కూడా నేనే చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం, పెద్దవాళ్ళు పడుకున్నప్పుడు, వాడు ఒక్కడే బావి దగ్గరికి పోయాడు. వాడి చేతిలో కాడ ఉందో లేదో నేను ఎవర్నీ అడగలేదు. ముప్పై ఐదేళ్ళలో ఒక్కసారి కూడా. మా బేగంకి కూడా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

సామాను మొత్తం తెచ్చాక ఒకసారి నిలబడేంత నీళ్ళల్లో పరీక్షించకుండా పోవడం మంచిది కాదనిపించింది. మదనపల్లెలో మాకు అట్లాంటి చోటు లేదు. అమ్మీయే అంది, "పుంగనూరుకు పోదాం. తొట్టి ఉంది కదా." నేను అమ్మీ మొహం చూశాను. మామూలుగానే ఉంది.

బావి ఇప్పుడు లేదు. ఎండిపోయాక పూడ్చేశారు, దాని మీద జామచెట్టు వచ్చింది. తొట్టి అట్లే ఉంది, అంచు విరిగింది. డెబ్బై దాటిన మామూ బోరు మోటారు ఆన్ చేసి, తొట్టి నిండేదాకా చెట్టు కింద మంచం మీద కూచున్నాడు. నా కూతురు మాస్కు పెట్టుకుంది, ముక్కుతో పీల్చి అతుక్కుందో లేదో చూసుకుంది, గొట్టం నోట్లో పెట్టుకోబోయింది.

"ఇటియ్యి బేటీ, చూస్తా" అన్నాడు మామూ.

గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి, జానతో కొలిచి, నా వైపు చూశాడు. "ఇంతేనా? ఇంకా పొడుగు రాదా?"

"ఇంతే మామూ. ఇంతకంటే పొడుగుంటే గాలి రాదు. నీళ్ళ బరువుకి ఛాతీ లేవదు." మొదలుపెట్టాక ఆపలేకపోయాను. షాపులో కుర్రాడు చెప్పిందంతా, వంద గ్రాముల లెక్కతో సహా, చెప్పేశాను. చెబుతూ ఉంటే నా గొంతు నాకే వేరే మనిషిదిలా వినిపించింది. మామూ మొత్తం విన్నాడు. గొట్టం నా కూతురి చేతిలో పెట్టి, మోటారు ఆపడానికి లేచి పోయాడు.

అమ్మీ నా పక్కకొచ్చి నిలబడింది. చాలాసేపటికి, మెల్లగా దఖ్నీలో అంది, "వో దండీ పానీ పో తైర్తీ థీ రే." ఆ కాడ నీళ్ళ మీద తేలుతూ ఉండెరా అని.

నేను మాట్లాడలేదు.

"మీ మామూయే తీసి పారేసినాడు. పిల్లోడికి చెప్పొద్దు, జిందగీ మొత్తం మోస్తాడు అన్నాడు. నీకు తెలీదనుకున్నా నేను."

మామూ మోటారు ఆపేశాడు. చప్పుడు ఆగిపోయాక తోటలో ఏదో పిట్ట అరుపు వినిపించింది. ఆయన తిరిగొచ్చి మంచం మీద కూచుని, తుండుతో చేతులు తుడుచుకుని, "ఏం బేటీ, చూస్తా ఉండావు? మునుగు" అన్నాడు నా కూతురితో.

అది మునిగింది. గొట్టం కొస నీళ్ళపైన జానెడు నిలబడింది. అమ్మీ తొట్టి అంచు పట్టుకుని వంగి, ఏక్, దో, తీన్ అని పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముప్పై దాటింది, నలభై దాటింది. గొట్టంలోంచి ఊపిరి శబ్దం వస్తూనే ఉంది. యాభై రెండు దగ్గర నా కూతురు లేచి, గొట్టం ఉమ్మేసి, "అబ్బూ, అడుగున నాచు మొత్తం కనిపిస్తా ఉంది. ఒక కప్పపిల్ల కూడా ఉంది!" అంది.

"ఇంకోసారి" అంది అమ్మీ. "ఈసారి వందదాకా చెబుతా."

జుమ్మా నాటి రాత్రికి టిక్కెట్లు, కుప్పం నుంచి. అమ్మీకి కూడా తీశాం. మాస్కు తనకొద్దంది, ఒడ్డున కూచుని లెక్కపెడతానంది. నేను మీసం ఇంకా కత్తిరించుకోవాలి.